గాలి నష్టం, చేతి నష్టం

పోయిన వారం మనం నాగవేణిని హోసూరు బస్టాండులో, బేరిగై బస్సు కోసం ఎదురుచూస్తూ ఉండగా వదిలి వచ్చాం. ఆమె పక్కన, చేతిలో గొడుగుతో, సౌందర్య ఉంది. సౌందర్యది బాపట్ల వైపు, సముద్రం ఒడ్డు పల్లె. వాతావరణ శాస్త్రం చదివి, హోసూరులో ఒక ఆఫీసులో చేరి, పూలతోటల వాళ్ళకు రేపటి ఎండ, రేపటి వాన ఎలా ఉంటాయో చూసి చెప్పే పని చేస్తోంది. పదకొండో తరగతి చదివే నాగవేణి, క్లాసులో హాజరు పలకడానికే గొంతు పెగలని పిల్ల, ఆ ఆఫీసు మెట్లెక్కి ఆమెను వెంటబెట్టుకుని వస్తోందంటే దాని వెనక పెద్ద కారణమే ఉండాలి.

ఆ కారణం నాగవేణి నాయన వెంకటరమణప్ప. ఐదిళ్ళ గొర్రెలు కలిసిన మందకు ఆయన పెద్ద. రాగి కోతలయ్యాక మందను ఊత్తంగరై వైపు తోలుకుపోయి, రైతుల పొలాల్లో ఎరువు కోసం రాత్రిళ్ళు నిలపడం వాళ్ళ ఇంటి పని. ఈసారి మంద రెండు పాయలైంది. ఒకటి ఆయన దగ్గర, ఇంకొకటి తమ్ముడు లోహిత్ దగ్గర. తుఫాను గాలి లేవగానే వెంకటరమణప్ప తన పాయను గట్టు మీది నుంచి గుట్ట చాటు పల్లంలోకి దింపాడు. ఆ పల్లానికి గాలిమరుగు అని పేరు పెట్టింది కూడా ఆయన తాతలే. లోహిత్ మాత్రం బద్ధకించి గట్టు మీదనే ఉండిపోయాడు. ఆ రాత్రి ఊత్తంగరై చుట్టుపక్కల ఎవరూ ఎన్నడూ చూడని వాన కురిసింది. గుట్ట నీళ్ళన్నీ గాలిమరుగులోకే వచ్చాయి. వెంకటరమణప్ప బండ ఎక్కి బతికాడు, మంద బతకలేదు. లోహిత్ గొర్రెలు చలికి వణికాయి గాని, నాలుగు పిల్లలు తప్ప అన్నీ మిగిలాయి.

వాళ్ళలో మంద పోతే అడిగేది ఒకే ప్రశ్న: గాలి నష్టమా, చేతి నష్టమా? గాలి నష్టమైతే ఐదిళ్ళూ నష్టాన్ని పంచుకుంటాయి. చేతి నష్టమైతే, అంటే మందను కాసినవాడి తప్పైతే, మందపెద్ద తన ఇంట మిగిలిన గొర్రెలను మంద పోగొట్టుకున్న వాళ్ళకు ఇచ్చేసి, పెద్దరికానికి గుర్తయిన చేతికర్ర, కోల, కింద పెట్టాలి. ఆ కోల మళ్ళీ ఆ ఇంటి చేతికి రాదు. వెంకటరమణప్ప సొంత అక్క పాపక్క, మొగుడు పోయాక గొర్రెల మీదనే బతికే మనిషి, తన జీవాలన్నీ ఆ పల్లంలోనే పోగొట్టుకున్న మనిషి, అందరి ముందూ లేచి చేతి నష్టమే అంది. ఆ రోజు నుంచి వెంకటరమణప్ప నోరు తెరిచి పది మాటలు మాట్లాడలేదు. ఊత్తంగరైలో మిగిలిన పాయను చూడ్డానికి కూడా పోలేదు.

ఏ నష్టమో తేల్చే పంచాయితీ ఇవాళే, ఆదివారం. బస్సు వచ్చింది.

కిటికీ పక్క సీటు దొరికింది. ఊరు దాటేదాకా నాగవేణి వేళ్ళు విరుచుకుంటూ కూర్చుంది. ప్లాస్టిక్ కప్పిన గులాబీ తోటలు మొదలయ్యాక, వాళ్ళమ్మ బసవమ్మ కూలికి పోయే తోట కనపడ్డాక, ధైర్యం చేసింది.

"అక్కా, ఆడ పంచాయితీ చేసే రాజప్ప తాత నిన్ను ఒకటే అడుగుతాడు. ఈ తుఫాను మనుషులు చేసిన వేడి వల్ల వచ్చిందా అని. నువ్వు అవునంటే సాలు."

"అవునంటే ఏమవుతుంది?"

"గాలి మారిపోయింది, మా నాయన తప్పేం లేదు అని తేలిపోతుంది."

సౌందర్య గొడుగు పిడిని ఇటూ అటూ తిప్పింది. "నాగవేణీ, నాకు తెలిసినంత చెప్తాను. తెలియనిది చెప్పలేను కదా."

"ఒక్క మాట అక్కా. ఆ ఒక్క మాటతో ఎవురికి నష్టం?"

కండక్టరు చిల్లర కోసం తమిళంలో ఎవరితోనో గొడవ పడుతున్నాడు. నాగవేణి మిగతా దారంతా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఆకాశం ఒక పక్క బూడిద రంగుకు తిరిగింది.

పంచాయితీ పాల సొసైటీ వరండాలో. పొద్దున పాలు పోసేవాళ్ళు వెళ్ళిపోయాక, కడిగిన క్యాన్లను బోర్లించి గోడకు చేర్చారు. నేల ఇంకా తడి ఆరలేదు, పులిసిన పాల వాసన వస్తోంది. మధ్యలో నల్ల కంబళి పరిచి దాని మీద కోల పెట్టారు. తీర్పు అయ్యేదాకా దాన్ని ఎవరూ తాకకూడదు. కంబళికి ఒక పక్క వెంకటరమణప్ప తల వంచుకుని, కంబళి అంచు పోగులు పీకుతూ కూర్చున్నాడు. ఎదుటి పక్క పాపక్క. పెద్దరికం రాజప్పది. ఐదిళ్ళలో అందరికంటే వయసు మళ్ళిన మనిషి, చెవులు బాగా వినపడతాయి గాని వినపడనట్టు ఉంటాడు.

నాగవేణి క్యాన్ల పక్కన ఒదిగి కూర్చుంది. సౌందర్యకు కుర్చీ వేశారు. అందరూ నేల మీద, తనొక్కతే కుర్చీలో. కాసేపు ఇబ్బందిగా కదిలి, ఆమె కూడా దిగి చాప మీద కూర్చుంది.

"అట్ల రామ్మా," అంది నంజమ్మ. ఐదిళ్ళలో ఎవరినైనా ఆట పట్టించే హక్కు నంజమ్మకు ఎవరో రాసిచ్చినట్టు ఉంటుంది. "కుర్చీలో ఉన్నోళ్ళు చెప్పేది మాకు సగమే వినపడతాది."

రాజప్ప గొంతు సవరించుకున్నాడు. "రవణప్పా, మొదట నువ్వు చెప్పు. మందను ఎందుకు దింపినావు?"

"గాలి లేచింది." వెంకటరమణప్ప తల ఎత్తలేదు.

"లేస్తే?"

"మా నాయన దింపేవాడు. ఆయన నాయన దింపేవాడు. తుఫాను అంటే మనకు గాలే కదా మామా. సముద్రం యాడో, మనం యాడో. దాని తోక గాలి తగిలి, చలికి పిల్లలు చస్తాయి. అందుకని దింపినాను."

"తోక కాదు, తలే వచ్చింది," అంది పాపక్క. ఆమె గొంతులో కోపం కంటే అలసట ఎక్కువగా ఉంది. "లోహిత్ గట్టున నిలిపినాడు, బతికినాయి. నువ్వు దింపినావు, పోయినాయి. ఇందులో చదువుకున్నోళ్ళు చెప్పాల్సింది ఏముండాది? పుట్టినప్పట్నుంచి నిన్ను ఎత్తుకుని తిరిగినాను రవణా. నీ మీద నాకు పగ లేదు. కానీ నా ఇంట్లో ఒక్క గొర్రె లేదు. గాలి నష్టం అని పంచుకుంటే, ఐదిళ్ళోళ్ళు తలా రెండు ముసలివి ఇచ్చి పోతారు. ఆ ముసలివాటితో నేను మళ్ళీ మంద ఎట్ల పెంచుకునేది?"

బసవమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె ఇంట మిగిలిన జీవాలు కూడా లోహిత్ దగ్గరే ఉన్నాయి. అవి పోతే ఆ ఇంట్లో ఇక గొర్రె వాసన ఉండదు.

రాజప్ప సౌందర్య వైపు తిరిగాడు. "ఏమమ్మా. మా రవణప్ప కూతురు నిన్ను నమ్మి పిలుచుకొచ్చింది. లోకం వేడెక్కింది, అందుకే గాలివానలు ఇట్లయినాయి అని టీవీలో చెప్తారు. నువ్వు చెప్పు. ఈ తుఫాను ఆ వేడి వల్ల వచ్చిందా, లేదంటే ఎప్పుడూ వచ్చేదేనా?"

నాగవేణి సౌందర్య వైపే చూస్తోంది.

"తుఫాను రావడం వేరండి, వచ్చాక కురిసిన వాన వేరు," అంది సౌందర్య. "ఈ నెలల్లో బంగాళాఖాతంలో తుఫానులు ఎప్పుడూ వస్తున్నవే. మా ఊళ్ళో మా తాతమ్మ కూడా తుఫానులను బట్టే ఎవరి వయసు ఎంతో చెప్పేది. ఈ ఒక్క తుఫానును వేడే పుట్టించిందని నేను చెప్పలేనండి."

"అయిపాయ," అంది పాపక్క.

నాగవేణి కళ్ళు మూసుకుంది. బస్సు ఖర్చు పెట్టి, బతిమాలి, సొంత నాయన మీదికి తనే సాక్షిని తెచ్చినట్టయింది.

"ఇంకా అవలేదమ్మా, కాస్త వినండి," అంది సౌందర్య. "సముద్రం మునుపటి కంటే వేడిగా ఉంది. పైన గాలీ వేడిగా ఉంది. వేడి గాలి ఎక్కువ తేమ మోస్తుంది. కాబట్టి తుఫాను వచ్చినప్పుడు కుమ్మరించే వాన పెరుగుతోంది. ఇలాంటి తుఫానే మీ తాతల కాలంలో వచ్చి ఉంటే ఇంత నీళ్ళు మోసుకొచ్చేది కాదనే అనుకోవాలి. ఎంత తేడా అన్నది లెక్క కట్టాలి. కంప్యూటర్లో రెండు లోకాలు పెట్టి చూస్తారు. ఒకటి ఇప్పుడు మనం ఉన్న లోకం. ఇంకొకటి పొగలు లేని, వేడెక్కని లోకం. రెండింట్లోనూ ఇలాంటి వాన ఎన్నిసార్లు పడుతుందో పోల్చి చూస్తారు."

నంజమ్మ ముందుకు వంగింది. "ఆ రెండో లోకంలో మా గొర్లు బాగుండాయేమో సూడమ్మా."

నవ్వాలో ఏడవాలో తెలియక ఇద్దరు ముగ్గురు దగ్గారు.

"అట్లనే నా మొగుడు ఆడ ఉండాడేమో కూడా సూడు," అంది నంజమ్మ. "ఉంటే, వాణ్ణి ఆడనే పెట్టుకోమను."

ఈసారి పాపక్క పెదాలు కూడా కదిలాయి. వరండాలో బిగుసుకున్నది ఏదో కొంచెం సడలింది.

రాజప్ప నవ్వలేదు. గడ్డం నిమురుకుంటూ ఆలోచిస్తున్నాడు. "ఉండండప్పా. నాకు ఒకటి తోస్తాండాది. మన మందలోకి ఆ నల్ల పొట్టేలు రాకముందు నల్లపిల్లలు పుట్టలేదా?"

"పుట్టినాయి, ఎప్పుడో ఒకటి," అన్నారు ఎవరో.

"పొట్టేలు వచ్చినంక?"

"శానా."

"ఇప్పుడు ఒక నల్లపిల్లను తెచ్చి, ఇది ఆ పొట్టేలుకే పుట్టిందా అని అడిగితే?"

"తల్లిని అడగాల," అంది నంజమ్మ.

ఈసారి అందరూ నవ్వారు. సౌందర్య కూడా నవ్వింది. "అచ్చం అంతేనండి. ఈ ఒక్క పిల్ల సంగతి నేను ఒట్టేసి చెప్పలేను. ఇన్ని నల్లపిల్లలు పుడుతున్నాయంటే మాత్రం ఆ పొట్టేలు పని ఉందని చెప్పగలను."

"అంటే మనుషులు చేసిన వేడే," అన్నాడు రాజప్ప. "అట్లయితే అది కూడా చేతి నష్టమే కదమ్మా. ఎవురి చేయి? హోసూరు కంపెనీలోళ్ళదా?"

"వాళ్ళదీ ఉంది. ఎక్కడెక్కడో దేశాల వాళ్ళది ఇంకా ఎక్కువ ఉంది. పొద్దున నేను వచ్చిన బస్సుదీ రవ్వంత ఉంది."

"వాళ్ళెవురూ మా పంచాయితీకి రారు." రాజప్ప కంబళి వైపు చూశాడు. "మాకు ఉండేది రెండే దారులమ్మా. గాలి అనాల, లేదంటే చేయి అనాల. కొంచెం గాలి, కొంచెం యాడోళ్ళదో చేయి అనేదానికి మా పెద్దోళ్ళు దారి పెట్టిపోలేదు. నువ్వు అవునని తెగేసి చెప్పింటే నాకు సుళువయ్యేది. చెప్పలేదు. నీది తప్పు అననులే. ఇంక నేను చూడాల్సింది ఒకటే మిగిలింది. గట్టున ఉన్నవి బతికినాయి, దింపినవి పోయినాయి."

వెంకటరమణప్ప అప్పుడు తల ఎత్తాడు. "మామా, ఇంక సాగదీయొద్దు. చేతి నష్టమే అను. దింపింది నేనే."

ఆయన అంత తేలిగ్గా అనేసరికి బసవమ్మ నోటికి అడ్డం పెట్టుకున్న చెంగు జారిపోయింది. రాజప్ప చేయి కోల వైపు కదిలింది.

"తాతా."

ఆ గొంతు ఎవరిదో మొదట ఎవరికీ తెలియలేదు. నాగవేణికే తెలియలేదు. అందరి తలలూ క్యాన్ల వైపు తిరిగాక, తను లేచి నిలబడి ఉన్నట్టు ఆమెకు అర్థమైంది. పంచాయితీలో ఆ వయసు పిల్లలు మాట్లాడే అలవాటు లేదు. వద్దనే నియమమూ లేదు, ఎవరూ ఎప్పుడూ మాట్లాడలేదు అంతే.

"నేను అత్తను ఒకటి అడగొచ్చా?"

"అడుగు," అన్నాడు రాజప్ప, కొంచెం ఆశ్చర్యంగా.

నాగవేణి పాపక్క వైపు చూసింది. చిన్నప్పుడు జ్వరమొస్తే తనను కంబళిలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న అత్త. మందలో ఏ గొర్రె ఎప్పుడు ఈనుతుందో వాళ్ళ నాయన కూడా ఆమెనే అడిగేవాడు.

"అత్తా, ఆ సాయంకాలం నాయన ఆడ లేడనుకో. నువ్వే ఉండావు. గాలి లేచింది. నీ గొర్లు, నీ చిన్నపిల్లలు. నువ్వయితే యాడ నిలిపింటావు?"

వరండా పక్క గులాబీ తోటలో చిరిగిన ప్లాస్టిక్ ఒకటి గాలికి టపటపా కొట్టుకుంటోంది. పాపక్క ఒకసారి తమ్ముడి వైపు చూసింది, ఒకసారి కోల వైపు చూసింది. ఆమె అబద్ధం చెప్పలేక ఆలస్యం చేయడం లేదు. నిజంగానే ఆ సాయంకాలంలోకి వెళ్ళి, ఆ గట్టు మీద నిలబడి, గాలిలో మందను చూస్తోంది. అది నాగవేణికి తెలిసిపోయింది.

"ఆడనే," అంది పాపక్క చివరికి.

"గట్టిగా చెప్పు పాపక్కా," అన్నాడు రాజప్ప. ఆయనకు బాగానే వినపడింది.

"ఆడనే అన్నాను కదా! గాలిమరుగులోనే." ఆమె గొంతు ఒక్కసారిగా పెరిగింది. "దింపకుండా యాడ పెడతాను? ఆ సాయంకాలం లోహిత్‌కు ఫోన్ చేసి తిట్టినాను కూడా. పిల్లలు గాలికి చస్తాయిరా, దింపరా సోమరీ అని. వాడు ఊ అన్నాడు, కంబళి కప్పుకుని పడుకున్నాడు. నా మాట వినింటే ఆ పాయ కూడా పోయుండేది." చెంగుతో ముఖం తుడుచుకుంది. "అంతే. ఇంకేమీ అడగొద్దు నన్ను."

వెంకటరమణప్ప అక్క వైపు చూస్తున్నాడు. నీళ్ళు తగ్గిన రోజు నుంచి ఆయన ఎవరి ముఖమూ అంతసేపు చూడలేదు.

"మనలో ఎవురున్నా ఆడనే దింపింటాము," అన్నాడు రాజప్ప. "అందరి చేయీ ఒకటే పని చేసేది అయితే, అది ఒక్కడి చేతి నష్టం ఎట్లవుతాది? గాలి నష్టం. ఐదిళ్ళూ పంచుకోవాల. పాపక్కకు ముసలివి కాదు, ఈనేవే ఇయ్యాల. మొదట నా ఇంట్లోవి. రవణప్పా, కోల తీసుకో."

బసవమ్మ జారిన చెంగు సర్దుకుంది. నాగవేణి మళ్ళీ క్యాన్ల పక్కన కూర్చుంది.

వెంకటరమణప్ప మాత్రం కదలలేదు. "తీసుకుని ఏం చేసేది మామా? మా నాయన నేర్పింది ఇంక పనికిరాదు. గాలి లేస్తే దింపాల, అంతే నాకు తెలిసింది. రేపు మళ్ళీ గాలి లేస్తే నేను ఏమి చూసి చెప్పేది?"

అప్పుడే బసవమ్మ దగ్గరున్న ఫోన్ మోగింది. లోహిత్. ఆమె స్పీకరు నొక్కింది. మొదట గాలి హోరు వినపడింది, దాని వెనక గొర్రెల అరుపులు.

"వదినా, అన్న ఉండాడా? అన్నకియ్యి తొందరగా."

"ఈడనే ఉండాడు, చెప్పు."

"అన్నా, మళ్ళీ గాలి లేచింది. సముద్రంలో ఇంకొకటి పుట్టిందంట. ఇరవై గొర్లు ఈనినాయి, నిన్నా మొన్నా పుట్టిన పిల్లలు. గట్టు మీద నిలవలేకుండా ఉండాయి, రెండు అప్పుడే పోయినాయి. గాలిమరుగుకు నేను పోను. గుట్ట ఆ పక్క రాళ్ళ కింద ఇంకో మరుగు ఉండాది చూడు, ఆడికి దింపేదా? ఈడనే ఉంచేదా?" ఫోన్లో గాలి అతని మాటను మింగి మళ్ళీ వదిలింది. "మంద ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోవాలంటే వెలుతురు ఉండగానే పోవాల. చెప్పన్నా. ఈసారి నేను పడుకోను. ఏమంటే అది చేస్తాను."

దింపితే నీళ్ళు. ఉంచితే చలి. వరండాలో ఉన్న వాళ్ళందరికీ మిగిలిన గొర్రెలన్నీ ఆ గట్టు మీదే ఉన్నాయి. ఇప్పుడు పాపక్కకు వచ్చే ఈనే గొర్రెలు కూడా అందులోవే.

పాపక్క లేచింది. కంబళి మీది కోల తీసి తమ్ముడి ఒళ్ళో పెట్టింది. "చెప్పు రవణా. వాడు నిన్ను అడుగుతాండాడు."

వెంకటరమణప్ప కోల పట్టుకున్నాడు. ఇంకో చేత్తో బసవమ్మ దగ్గర ఫోన్ తీసుకున్నాడు. నోటి దాకా తెచ్చి ఆగాడు. తరవాత చాప మీద కూర్చున్న సౌందర్య వైపు చేయి చాచి, ఫోన్ ఆమెకు అందించాడు.

"నువ్వు చెప్పమ్మా వాడికి," అన్నాడు. "రెండు లోకాల సంగతి వద్దు. ఈ ఒక్క తుఫానుది చెప్పు. నీళ్ళు తెస్తాదా, గాలి తెస్తాదా?"

సౌందర్య తన ఫోన్ తెరిచింది. మేఘాల బొమ్మ మెల్లగా కదులుతూ వచ్చింది. తెల్లటి ముద్ద తీరం వైపు జరుగుతోంది. ఎంత వాన, ఎక్కడ, అన్న చోట రెండు అంచనాలు రెండు మాటలు చెబుతున్నాయి. ఆమె వేలు ఒక అంచనా నుంచి ఇంకో అంచనాకు జరిగి మళ్ళీ వెనక్కి రావడం నాగవేణి చూసింది. పొద్దున బస్సులో, ఒక్క మాటతో ఎవరికి నష్టం అని తాను అడిగింది గుర్తొచ్చి తల దించుకుంది.

"అలో, ఎవురు?" అంటున్నాడు లోహిత్, గాలిలోంచి. "అక్కా, చెప్పండి. దింపేదా, వద్దా?"

సౌందర్య ఫోన్ నోటి దగ్గరికి తెచ్చుకుంది.